పొద్దుగూకంగ పహరా

అమీర్‌పేట,
4 నవంబరు 2024.

సత్తెమ్మ వదినెకు, నీ ఆడబిడ్డ సీతాబాయి చెప్పి రాయించే సంగతులు.

నువ్వు బాగున్నవనుకుంట. నేను బాగలేను, అందుకే రాయిస్తున్న. ఫోన్ చేద్దామంటే నీకు వినబడదు. చెవి మిషన్ కూత పెడుతున్నదని బియ్యం డబ్బల పడేసినవట, నా కొడుకు మహిపాల్ చెప్పి నవ్విండు. నాకేమో అక్షరం ముక్క రాదు. వినబడని దానికి రాయరానిది తన గోస చెప్పుకోవాలంటే నడుమ ఒక మనిషి కావాలె గద. కింది ఫ్లాటుల అరుణాదేవి అని ఒక ఆంధ్రామె ఉన్నది, బడిల టీచరు చేసి రిటైరైంది. ఆమెనే రాస్తున్నది. మొదటి ముక్కకే 'పూజ్యులైన వదినగారికి' అని పెట్టింది. కొట్టెయ్యమన్న. నా నోట్లెకెల్లి ఎట్లొస్తే అట్లనే రాయి, నీ బడి తెలుగు నాకొద్దు అన్న. మూతి ముడుచుకున్నది గని రాస్తున్నది.

సంగతేందంటే, మా ఆయనకు దిమాక్ తప్పుతున్నది. మాజీ సైనికుల దవాఖానల తలకాయ ఫోటో తీసి డిమెన్షియా అన్నరు. కొత్తయి పోతయట, పాతయి ఉంటయట. పొద్దున బాగనే ఉంటడు. గడ్డం గీసుకుంటడు, దుప్పటి ఫౌజుల మడత పెట్టినట్టే మడత పెడతడు, రెండుసార్లు నన్ను ఎవరు నువ్వని అడుగుతడు, నేను రెండుసార్లు తిడత, మళ్ళ గుర్తుపడతడు. పొద్దుగూకంగనే మనిషి మారుతడు. బూట్లేసుకుంటడు. గొడుగు భుజం మీద పెట్టుకుంటడు, అదే తుపాకి. కిందికి దిగి గేటు కాడ నిలబడతడు. ఎవ్వలొచ్చినా 'థమ్! కౌన్ ఆతా హై?' అని ఒర్లుతడు. ఆగి పాస్‌వర్డ్ చెప్పాలె, అప్పుడే లోపటికి. మా గల్లీ నిండ కోచింగ్ పోరగాండ్లు గద, 'వైఫైదా తాతా?' అని నవ్వుతరు. ఆయన నవ్వడు. మూడుసార్లు అడుగుతడు. మూడోసారికి గొంతు తగ్గిస్తడు. 'రాజలింగం, జల్ది చెప్పు రా' అంటడు. మా అన్న పేరు వదినె. నీ పెనిమిటి పేరు.

పోయిన వారం పార్సిల్ ఇచ్చేటోడు జడుసుకొని బండి మీదికెల్లి పడ్డడు. బిల్డింగ్ సెక్రటరీ చక్రపాణి నోటీసు ఇచ్చిండు. పంజాగుట్టల ఉండే మహిపాల్, వాని పెండ్లాం అనుపమ కలిసి ఊరవతల ఏదో ముసలోళ్ళ హోం చూసొచ్చిన్రు. డిసెంబరు ఇరవైకి తీస్కపోతరట. నేను ఒప్పుకోలే. ఆయన పహరా కాస్తున్నడు, ఎవ్వలింట్ల దొంగతనం చేస్తలేడు. జీతం తీసుకొని నిద్రపోయే వాచ్‌మన్‌కు లేని తప్పు, ఉత్తగ నిలబడే మా ఆయనకు ఎక్కడిది?

నా మనసుకు ఒకటి తోస్తున్నది. అన్న, ఈయన ఒక్క దినమే భర్తీ అయిన్రు, లడాయిల ఒక్క కందకం గుంతల పండిన్రు. డెబ్బై ఒకటి లడాయిల అన్న దుష్మన్ గోలికి పోయిండు, ఈయన అన్న సామాన్ల పెట్టె మోసుకొని వచ్చిండు. ఆ బావ కోసమే ఇంకా ఎదురుచూస్తున్నడు. నువ్వొక్కసారి వచ్చి కండ్లబడితే మనసు నిమ్మలపడుతదేమో. అన్న నీకు రాసిన ఉత్తరాలల్ల గా పాస్‌వర్డ్ ఏమన్న ఉన్నదేమో సుత చూడు.

వేలిముద్ర: సీతాబాయి


జనగామ,
13 నవంబరు 2024.

సీతకు వదినె దీవెనలు.

ఉత్తరం అందింది. రాసిన అరుణాదేవి గారికి నమస్కారాలు, అక్షరం ముత్యాల లెక్క ఉన్నది. నేను ఏడో తరగతితోటి ఆపేసిన, బడిల ఆయాగ ముప్పై ఏండ్లు చేసినా నా రాత మాత్రం కోడి గీకినట్టే ఉంటది, ఓపికగ చదవమను.

ఇక్కడ చలి మొదలైంది. మోకాళ్ళు పట్టేసినయి. నా బిడ్డ సుకన్య కుట్టు షాపుకు గిరాకీ బాగనే ఉన్నది.

ఉత్తరాలల్ల పాస్‌వర్డులు రాయరు సీతా. రాసినా ఫౌజువాళ్ళు నల్లసిరా పూసి పంపేవాళ్ళు.

నేను రాలేను. ఒక్కటి మాత్రం విను. మీ ఆయనను, పెంటన్నను, ఏమీ అడగకు. మా ఆయన పేరు ఎత్తితే మాట మళ్ళించు. పొద్దుగూకక ముందే లైట్లు వెయ్యి, పరదాలు దగ్గరికి లాగు, టీవీ చప్పుడు పెంచు. ఆ రోజు సంగతి ఆయనతోటి తవ్వించకు. మహిపాల్ చూసిన చోటు మంచిదైతే ఆలోచించు. అక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. కొందరికి అదే మంచిది.

వేళకు తిను. కోపం తగ్గించు.

సత్తెమ్మ


అమీర్‌పేట,
22 నవంబరు 2024.

వదినెకు సీతాబాయి చెప్పేది.

నీ ఉత్తరం అరుణమ్మ రెండుసార్లు చదివింది. రెండోసారి సుత గంతే ఉన్నది. మోకాళ్ళు, చలి, పరదాలు. కోపం తగ్గించు అని రాసినవ్ చూడు, గక్కడ కోపం ఎక్కువైంది.

ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్నది ఇయ్యాల చెప్తున్న. ప్రతి ఏడు డిసెంబరు తొమ్మిదికి, అన్న పోయిన తారీఖుకు, ఈయన తెల్లారంగ బస్సెక్కి జనగామకు వస్తడు. నీ గేటు బయట నిలబడతడు. నిలబడి వాపసు వస్తడు. చెంబెడు నీళ్ళు సుత తాగడు. సుకన్య పెండ్లిల అందరు బంతిల కూసుంటే ఈయన పందిరి బయట చెప్పుల కాడ నిలబడ్డడు. ఇంటికొచ్చినంక నేను అన్నం వండి పెట్టిన. ఎందుకని అడిగితే తిని లేచి చెయ్యి కడుక్కున్నడు. నాకు తెలుసు ఎందుకో. మా అన్న రాలే, ఈయన వచ్చిండు. ఆ బతికొచ్చుడే నీకు గిట్టలే. ఇయ్యాల హోంల పడెయ్యమని సలహా ఇస్తున్నవ్. మా ఆయన కాలు పడితే నీ గడప అరిగిపోతుండెనా?

ఇంకోటి విను. మొన్న కండ్లు గప్పి ఉరికిండు. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద మెట్రో పిల్లర్ కాడ పహరా ఎక్కిండు. గప్పుడే బేగంపేట దిక్కుకెల్లి హెలికాప్టర్ వచ్చింది. ఈయన రోడ్డు మీద బోర్ల పడి, పక్కకున్న పాన్‌డబ్బా ఆయనను సుత కాలు పట్టి గుంజి పండబెట్టిండు. ట్రాఫిక్ పోలీసాయన లేపి, చాయ్ తాపి, జేబుల నంబరు చూసి ఫోన్ చేసిండు. పాన్‌డబ్బా ఆయన మంచోడు. 'అమ్మా, తాత నన్ను కాపాడిండు' అన్నడు, అంగి దులుపుకుంట.

తెల్లారి దవాఖానకు తీస్కపోయిన. అక్కడ రాఘవేందర్ అని పాత హవల్దార్ కూసున్నడు. పాస్‌వర్డ్ అంటే ఏందన్నా అని అడిగిన. దినాం పొద్దుగూకంగ మారుతదట. నిన్న బయటికి పోయినోనికి ఇయ్యాల్టిది తెల్వదట. నేనన్న, 'మా ఆయన దినాం ఒక్కతీరుగ అంటడన్నా, గది నిన్నటిది రా, ఇయ్యాల్టిది చెప్పు అని.' హవల్దార్ చాయ్ తాగుడు ఆపిండు. నా మొఖం చూసిండు. గ్లాసు కింద పెట్టి, వేరే మాట మాట్లాడిండు, నువ్వు రాసినట్టే, చలి సంగతి.

నిన్నటిది చెప్పిందెవరు వదినె? నాకు తెల్వది. తెల్సుకోవాల్నని లేదు. గని నువ్వు చెప్పు.

వేలిముద్ర: సీతాబాయి

(సత్తెమ్మగారూ, అన్నట్టే రాయమన్నారు, రాశాను. తిట్లు మాత్రం నాలుగు వదిలేశాను. క్షమించండి. అరుణాదేవి.)


జనగామ,
30 నవంబరు 2024.

అరుణాదేవి గారికి నమస్కారం. చదివే ముందు తలుపు దగ్గరికి వేయండి. సీతను కూసోబెట్టండి. తర్వాత చదవండి.

సీతా,

డెబ్బై రెండు మార్చిల పెంటన్న మా ఆయన సామాన్ల పెట్టె తెచ్చిండు. ముందటింట్ల అత్తమ్మ, నువ్వు పెట్టె మీద పడి ఏడుస్తున్నరు. నేను వెనక దొడ్డిల ఉన్న. సుకన్య కడుపుల ఎనిమిదో నెల. పెంటన్న దొడ్డి గడప అవతల నిలబడి, 'చెల్లె, నీకొక్కదానికే చెప్పాలె' అన్నడు.

మా ఆయన, ఇంకో ముగ్గురు ముందటి రోజు మాపటికి దుష్మన్ దిక్కు జాడ చూడనీకి పోయిన్రు. తెల్లారేసరికి రావాలె. రాలే. ముగ్గురు అక్కడనే పోయిన్రు. ఆయన ఒక్కడే పొద్దంత చెరుకు తోటల పండుకొని, పొద్దుగూకినంక పాక్కుంట మనోళ్ళ దిక్కు వచ్చిండు. అప్పటికే పాస్‌వర్డ్ మారింది. పహరా మీద ఉన్నది పెంటన్న. మంచు, చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు. పెంటన్న మూడుసార్లు అడిగిండు. మూడుసార్లు నిన్నటిదే వచ్చింది. మూడు దినాల కిందనే ఎవరో నిన్నటి మాట చెప్పి పక్క పల్టన్ల జొచ్చి మనోళ్ళను చంపిన్రట. జవాబు తప్పితే కాల్చాలె, అది ఆర్డరు. కాల్చిండు. పోయి బోర్లున్న మనిషిని తిప్పి చూసిండు.

బావ గొంతు గుర్తుపట్టలేదా అని అడిగిన. 'ఎండిపోయిన గొంతు చెల్లె. పొద్దంత నీళ్ళు లేవు' అన్నడు.

నాకప్పుడు ఇరవై. నేనేమన్ననో అక్షరం పొల్లుపోకుండ రాస్తున్న. 'ఇది అత్తకు చెప్తే అత్త బతకదు. సీతకు చెప్తే సీత బతకదు. నోరు మూసుకొని మోయి. నా గడప తొక్కకు. నా ఇంటి నీళ్ళు ముట్టకు.' ఆయన కాళ్ళు దగ్గరికి పెట్టి నిలబడ్డడు, అధికారి ముందల నిలబడ్డట్టు.

యాభై రెండేండ్లు ఆ మాట దాటలేదు. తొమ్మిదో తారీఖుకు వచ్చి గేటు కాడ నిలబడేది అందుకే, నేను ఆ మాట వాపసు తీసుకుంటనేమోనని. నేను కిటికీల నుంచి చూసేదాన్ని. మొదట్ల కోపానికి తీసుకోలే. తర్వాత కోపం పోయింది, ఎట్ల పిలవాల్నో తెల్వక తీసుకోలే. సుకన్య పెండ్లి నాడు చెంబు చేతుల పట్టుకొని పందిరి దాక వచ్చి మళ్ళిపోయిన.

నీ కోసం దాచిన అనుకున్న. ఎవరి కోసం దాచిన్నో ఇప్పుడు నాకే తెల్వది. ఇగ నీ ఇష్టం.

సత్తెమ్మ


అమీర్‌పేట,
9 డిసెంబరు 2024.

సత్తెమ్మకు.

అరుణమ్మ చదువుకుంట చదువుకుంట నడుమల ఆగింది. ఆగకు అన్న.

మూడు దినాలు పొయ్యి ముట్టియ్యలే. అనుపమ టిఫిన్ డబ్బ పంపింది, ఆయన తిన్నడు, నేను తినలే. మహిపాల్‌కు ఫోన్ చేసి మీ నాయినను తీస్కపో అన్న. 'అమ్మా, మొన్ననే గద నా గల్ల పట్టి కొట్లాడినవ్?' అన్నడు. ఫోన్ పెట్టేసిన. యాభై నాలుగేండ్లు ఈ చెయ్యి ముద్ద కలిపి ఆ చేతిల పెట్టింది. మా అన్నను తిప్పి చూసిన చేతిల. ఈ చేతి బొటనవేలే గీ కాయితాల మీద పడుతున్నది.

మీరిద్దరు కూడి నా మీద ఒట్టేసుకున్నట్టు దాచిన్రు. నేను బతకనని ఎవరు చెప్పిన్రు నీకు? సచ్చిపోతుంటినో, ఆయనను సంపుతుంటినో, నా ఏడుపు నేను ఏడుస్తుంటి. మా అన్న ఒక తీరుగ పోతే, యాభై మూడేండ్ల సంది నేను వేరే చావు మీద ఏడిచిన. రాయి అరుణమ్మ, కండ్లు తుడుచుకొని రాయి.

ఇయ్యాల తొమ్మిది తారీఖు. ఆయన మర్చిపోయిండు. జనగామ బస్సు యాది లేదు. నేను యాది చెయ్యలే.

పొద్దుగూకంగ కూరగాయలకని పోయి వస్తున్న. గేటు కాడ ఆపిండు. 'కౌన్ ఆతా హై?'

'రాజలింగం చెల్లెను' అన్న.

'పాస్‌వర్డ్.'

'నాకు తెల్వది. కాల్చు. మా అన్నను కాల్చినట్టే కాల్చు' అన్న. గల్లీల వినబడేటట్టే అన్న. మిర్చి బండి కాడ పోరగాండ్లు తిరిగి చూసిన్రు.

ఆయన వెనక ఎవరో అధికారి ఉన్నట్టు ఒకసారి తిరిగి చూసిండు. తర్వాత నా దిక్కు వంగి, మెల్లగ, దొంగచాటుగ చెప్పినట్టు, 'జర సోచాయించి చెప్పు. నేను ఆగుత. ఎంతసేపైనా ఆగుత' అన్నడు. వీధి లైట్లు వెలిగినయి. క్లాసులు ఇడిచిన్రు, మంది మా చుట్టూ తిరిగి పోతున్నరు. సంచి బరువుకు నా వేళ్ళు కోసుకపోతున్నయి. ఆయన ఆగిండు. నిజంగనే ఆగిండు.

వదినె, నేను తప్పుగ చూసిన. ఆయన మందిని ఆపుతలేడు. బతిమాలుకుంటున్నడు. ఎవడో ఒకడు ఇయ్యాల్టిది చెప్తే కాల్చకుండ దిగిపోదామని చూస్తున్నడు. యాభై మూడేండ్ల సంది ఆ పహరా మీదికెల్లి ఎవ్వలు దించలే.

హోంకు పోతే దించెటోళ్ళెవరు? అక్కడ సుత పొద్దుగూకుతది.

నేను మాఫ్ చేసిన అని రాయకు అరుణమ్మ, నేను అనలే. గని వదినె, ఆర్డరు ఇచ్చింది నువ్వు. వాపసు తీసుకోవాల్సింది సుత నువ్వే. ఇరవైకి కారు వస్తది. గంతకు ముందు రా.

వేలిముద్ర: సీతాబాయి


జనగామ,
11 డిసెంబరు 2024.

సీతా,

ఆదివారం, పదిహేనో తారీఖు వస్తున్న. సుకన్య బస్సు ఎక్కిస్తది. ఉప్పల్ కాడికి మహిపాల్‌ను పంపు.

సత్తెమ్మ


అమీర్‌పేట,
26 డిసెంబరు 2024.

వదినెకు సీతాబాయి చెప్పేది.

మంచిగ చేరినవని సుకన్య ఫోన్ చేసింది. నువ్వు ఉన్న మూడు దినాలు నేను నీతోటి సరిగ మాట్లాడలే. అరిచి చెప్తే బిల్డింగ్ అంత వింటది, మెల్లగ చెప్తే నీకు వినబడదు. పైగ కోపం. అందుకే ఇప్పుడు చెప్తున్న. ఆ ఆదివారం గేటు కాడ ఏమైందో అక్కడ ఉన్నోళ్ళందరికి తెలుసు, నీకొక్కదానికే తెల్వది.

మహిపాల్ నీ సంచి తీసుకుంటుంటే నువ్వు ముందల నడిచినవ్, మెట్లు చూసుకుంట, తల కిందికి పెట్టి. పొద్దుగూకింది. ఆయన 'థమ్!' అన్నడు. నువ్వు ఆగలే. రెండోసారి అన్నడు. నువ్వు ఆగలే. మిర్చి బండి కాడ పోరగాండ్లు ప్లేట్లు పట్టుకొని అట్లనే నిలబడ్డరు. పైన చక్రపాణి బాల్కనీలకు వచ్చిండు. మూడోసారి అరిచిన అరుపు నేను ఇన్నేండ్ల కాపురంల వినలే వదినె. మహిపాల్ నిన్ను పట్టుకుందామని ఉరికిండు, నేను వాని చెయ్యి పట్టుకున్న. పోనియ్యి అన్న. ఎందుకన్ననో నాకు తెల్వది.

గొడుగు కొస నీ రొమ్ముకు జానెడు దూరం. గప్పుడు తలెత్తినవ్. 'ఏంది అన్న, గొడుగు నా మీదికే పెట్టినవ్?' అన్నవ్.

ఆయన గొడుగు దించిండు. చంటిపిల్లను పండబెట్టినట్టు నేల మీద పెట్టిండు. పెట్టి ఒక మాట అన్నడు. నీకు వినబడక, ప్రయాణం సంగతి అడుగుతున్నడనుకొని, 'సీటు దొరికింది అన్న, ఆరాంగనే వచ్చిన' అన్నవ్. ఆయన అన్నది గది కాదు. 'చెల్లె, నేను కాల్చలే. చూసినవా, కాల్చలే' అన్నడు. నువ్వు తల ఊపినవ్. ఊపుడు సరిపోయింది.

తర్వాతది నీకు తెలుసు. సంచిలకెల్లి బాటిల్ తీసి, 'నా ఇంటి నీళ్ళు. తాగు' అన్నవ్. గుక్క తిప్పుకోకుండ తాగిండు. అంగి తడిసింది. బాటిల్ తలకిందులు చేసి ఆఖరి చుక్క సుత నాకిండు. మా అన్న గొంతు ఎట్ల ఎండిందో నాకు గప్పుడు కనబడ్డది. నేను లోపటికి ఉరికి తలుపేసుకున్న.

నువ్వు పోయిన తెల్లారి ఆయనకు ఏదీ యాది లేదు. నువ్వు వచ్చిందే యాది లేదు. పొద్దుగూకంగ మళ్ళ బూట్లు, మళ్ళ గొడుగు. గింతేనా అనుకున్న. గేటు కాడ ఒక పిల్లగాన్ని ఆపిండు. వాడు అలవాటు ప్రకారం 'వైఫైదా తాతా?' అన్నడు. ఈయన ఒక్కసారే అడిగిండు. వాని మొఖం చూసిండు. 'నిన్నటిదైనా సరే, రా' అన్నడు. అప్పటిసంది అందరికి గదే మాట. చక్రపాణికి సుత. ఆయన మొదటి దినం బిత్తరపోయి చెప్పులిడిచి లోపటికి పోయిండు, తన బిల్డింగ్ల తనే.

ఇరవైకి మహిపాల్ కారు తెచ్చిండు. చేతిల హోం కాయితాలు. ఈయన ఆపిండు. వాడు నిలబడ్డడు. 'నిన్నటిదైనా సరే, రా బిడ్డ, నీళ్ళు తాగు' అన్నడు. వాడు మెట్టు మీద కూలబడి మొఖం కాయితాలల్ల పెట్టుకున్నడు. నాకు వాడు చిన్నప్పుడు బడికి పోనని ఏడిచినట్టే కనబడ్డడు. ఉత్త కారు పంజాగుట్టకు వాపసు పోయింది. పండుగ దాక చూద్దాం అన్నడు. ఏ పండుగో చెప్పలే, నేను అడగలే.

మాఫ్ చేసిన్నా అని నువ్వు అడగలేదు. అడిగినా చెప్పను. పళ్ళెం ముందట పెట్టి జరుగుత. ముద్ద నేను కలుపుతలేను, ఆయనే కలుపుకుంటున్నడు, సగం బయట పడుతున్నది. చూద్దాం.

నిన్న కూరగాయలు ఇంట్ల ఉన్నయి. అయినా సంచి పట్టుకొని పోయి వచ్చిన. ఆపిండు. 'రాజలింగం చెల్లెను' అన్న. పాస్‌వర్డ్ అడగలే. పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిండు. నేను రెండు మెట్లు ఎక్కినంక వెనకకెల్లి పిలిచిండు.

'మీ అన్న వెనక వస్తుండా?'

నేను గల్లీ దిక్కు చూసిన. పోరగాండ్లు, బండ్లు, మెట్రో కింద లైట్లు.

'వస్తుండు' అన్న.

'నిన్నటిదైనా సరే, రమ్మను' అన్నడు. గొడుగు కిందికి దించి, గల్లీ కొసదాక చూసుకుంట నిలబడ్డడు. సంచి కింద పెట్టి నేను సుత నిలబడ్డ.

వేలిముద్ర: సీతాబాయి